నోట రాని వాయినం

“అనవే అమ్మాయ్! ‘ఇస్తినమ్మ వాయినం’ అను. ఆ మాత్రం మాటకి ఇంత ఆలోచనేంటి?”

చిట్టెమ్మ మళ్లీ తొందరపెట్టింది. వీరవేణి చేతుల్లో నానబెట్టిన శనగల పళ్లెం గజగజ వణుకుతోంది. కొత్తకోడలి తొలి శ్రావణ మంగళవారం నోము అది. మొగల్తూరు నుంచీ భీమవరం నుంచీ కాలవ పడవల మీద వచ్చిన ముత్తయిదువలతో నడవ నిండిపోయింది. అందరి కళ్లూ ఆమె మీదే ఉన్నాయి.

నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. గుండె దడదడలాడింది. ఊపిరి అందక, ఉన్నచోటే ప్రాణం పోతుందేమో అనిపించింది. పళ్లెం జారింది. శనగలు నడవంతా దొర్లాయి.

“అయ్యో, అపశకునం!” అన్నారెవరో.

“దీనికి గాలి సోకింది వదినా,” చిట్టెమ్మ వంటింటి వైపు కేకేసింది. “మొన్న పెళ్లివారింట్లోనూ ఇలాగే బిగుసుకుపోయింది. భూతవైద్యుణ్ణన్నా పిలిపించు, పుట్టింటికన్నా పంపించెయ్!”

చిట్టెమ్మ వదిన అప్పాయమ్మ, వీరవేణికి అత్తగారు. ఎవరి పేరంటానికీ వెళ్లని మనిషి. తన ఇంట్లో పేరంటమైనా వంటింటి గడప దాటదు. ఆవిడ పొగరు గురించి ఊళ్లో కథలుగా చెప్పుకుంటారు.

ఇప్పుడు మాత్రం దాటింది. ఎవరి మొహమూ చూడకుండా వచ్చి కోడలి రెక్క పట్టుకుంది.

“గాలీ లేదు, ధూళీ లేదు. ఒట్టి మొద్దు. పోవే, సావిట్లో దూడ తాడు తెంపుకున్నట్టుంది, చూడు. నేను పిలిచేదాకా ఇటు రాకు!”

ఎప్పుడూ ఇంతే. నలుగురు చేరితే చాలు, అత్తగారు ఏదో పని పురమాయించి ఆమెను పశువుల సావిట్లోకి తోలేస్తుంది. తనను నలుగురికీ చూపించుకోడానికి ఆవిడకు నామోషీ అని వీరవేణికి తెలుసు.

దూడ కట్టుకొయ్య దగ్గరే నిద్రపోతోంది. వీరవేణి గడ్డిమోపుల వెనక మూలకి చేరి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చిన్నపిల్లలు బొమ్మలపెళ్లిళ్లలో అనే మాట! అదీ రాని పిల్లనా కట్టబెట్టారని రేపు నాన్నని అడగరూ? మొగుడు భీమరాజు సంతలో తలెత్తుకుని ఎలా తిరుగుతాడు? భూమి చీలి తనను మింగేస్తే బాగుండును.

నడవలోంచి చిట్టెమ్మ గొంతు వినిపించింది.

“పోన్లే వదినా, కోడలి బదులు నువ్వే ఇచ్చెయ్ వాయినం. ఇలా మధ్యకొచ్చి నిలబడు. అందరూ నీ కోసమే చూస్తున్నారు.”

కాసేపటికి పెరట్లో అడుగుల చప్పుడైంది. పరుగులాంటి నడక. వీరవేణి గబుక్కున లేచి నిలబడింది.

తలుపు తోసుకుని వచ్చి అప్పాయమ్మ లోపల గడియ పెట్టింది. మొహం కందిపోయి ఉంది. చెమటకు బొట్టు కారుతోంది. చేతులు ఊగిపోతున్నాయి.

ఇంత కోపం ఆవిడలో వీరవేణి ఎన్నడూ చూడలేదు.

“తప్పయిపోయిందండి అత్తయ్యగారూ,” అంది కాళ్ల మీద పడబోతూ. “మీ పరువు తీశాను. రేపే పడవెక్కించెయ్యండి, వెళ్లిపోతాను.”

అప్పాయమ్మ రాటను గట్టిగా పట్టుకుని, గుండె మీద చెయ్యి వేసుకుని, నోరు తెరిచి ఊపిరి లాక్కుంది. తర్వాత గడ్డిమోపుల వెనక మూలవైపు చూసింది.

“కాస్త జరగవే తల్లీ, అది నా చోటు.”