లొపేతి మెడ ఎక్స్‌రే

“ఎక్స్‌రే తీసే అమ్మాయి వస్తోందంటే నువ్వు బయటికెందుకు పరిగెత్తుతున్నావయ్యా?” అంటూ డాక్టర్ బ్రిజెట్ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

మెడపట్టీతో తల తిప్పలేని లొపేతి ఒళ్ళంతా తిప్పి గోడవైపు చూశాడు. “కాస్త గాలి కోసం, డాక్టరమ్మా.”

పడవలో జారిపడి మెడ విరగ్గొట్టుకున్న మనిషి. పోయిన ఏడాది ఆక్లాండ్‌లో ఆపరేషన్ చేసి, రెండు వెన్నుపూసల్ని లోహపు పలకతో, మరలతో కలిపి బిగించారు. ఎముక అతుక్కుంటే ఈ శీతాకాలం తిమింగలాలు చూడవచ్చేవాళ్ళని పడవలో తిప్పుతాడు. అతుక్కోకపోతే పడవ ఒడ్డున, తను ఇంట్లో. ఆ సంగతి ఇవాళ తేలిపోవాలి. వవావు దీవి మొత్తానికి ఎక్స్‌రే తీసేది ఆకనేసి ఒక్కతే.

“పట్టీ విప్పి, మెడ ముందుకు వంచి ఒకటి, వెనక్కి వంచి ఒకటి తియ్యాలి. కాస్త పట్టుకుని సరిగ్గా నిలబెట్టు,” అంది బ్రిజెట్, లోపలికి వచ్చిన ఆకనేసితో.

ఆకనేసి గబగబా వెనక్కి జరిగింది. మొహం కందిపోయింది. “మీరే నిలబెట్టండి డాక్టర్. నేను అద్దం వెనకనుంచి చెప్తాను.”

చెప్పడమైనా అతనికి కాదు, నర్సు లావినియాకి. “గడ్డం కొంచెం దించమనండి.”

లొపేతి దించాడు. కళ్ళు నేలమీంచి లేపితే ఒట్టు.

డునెడిన్ నగరం నుంచి ఈమధ్యే దీవికి వచ్చి ఇంకా పెట్టె కూడా పూర్తిగా సర్దుకోని బ్రిజెట్‌కి విషయం ఇట్టే అర్థమైపోయింది. ఎంత పాత ప్రేమో పాపం! ఊరికి భయపడి దాచుకుంటున్నట్టున్నారు.

ఇంతలో తెరమీద బొమ్మ పడింది. పలక చెక్కుచెదరలేదు. మరలు ఎక్కడివక్కడే ఉన్నాయి. పూసల మధ్య తెల్లటి ఎముక నిండుగా అల్లుకుపోయింది. మెడ ఎటు వంచినా అక్కడ కదలికే లేదు.

“అతుక్కుంది! ఆ పట్టీ అవతల పారేసి పడవెక్కు!” అని అరిచింది బ్రిజెట్.

లొపేతి వేసిన కేకకి వరండాలో బెంచీలన్నీ ఖాళీ అయ్యాయి. జనం గుమ్మం దగ్గర మూగారు. ఎవరో పాట అందుకున్నారు. అద్దం వెనక ఆకనేసి మొహం చేతుల్లో దాచుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. అది సంతోషమని చూసినవాళ్ళందరికీ తెలుస్తూనే ఉంది.

బ్రిజెట్ ఇక పట్టలేకపోయింది. “ఇంకా నిలబడ్డావేం మొద్దూ! వెళ్ళి ఆ పిల్లని కావలించుకో. వచ్చే ఆదివారం చర్చిలో పెళ్ళిమాట ఎత్తు!”

పాట ఠక్కున ఆగిపోయింది. లొపేతి జనాన్ని తోసుకుంటూ బయటపడ్డాడు. లావినియా డాక్టర్ రెక్క పుచ్చుకుని పక్కకి లాగింది.

“ఏం? ఆ అమ్మాయికి పెళ్ళయిపోయిందా?”

“అయ్యో తల్లీ, ఊరుకోండి! మా దీవుల్లో మగాడు ఒక ఆడపిల్లకి అంత దూరం జరిగి అంత మర్యాద ఇచ్చాడంటే, దానికి ఒకటే వరస.”

“ఏమిటది?”

“ఆకనేసి అతని సొంత చెల్లెలు.”