ఫోటో కోసం తెగిన గూడు

పరాంకుశంగారి వంటింటి మూలలో ఒక ఆడ సాలీడు గుడ్ల మూటను నోట కరుచుకుని వేలాడుతోంది. ఆయన తన మామూలు జూమ్ కెమెరాతో దాన్ని ఫోటో తీయబోయారు. మరీ దగ్గరికి వెళితే బొమ్మ మసకబారుతోంది. వెనక్కి జరిగి జూమ్ చేస్తే సాలీడు ముఖం కనబడటం లేదు. అది ఇటు తిరగాలని చీపురుపుల్లతో గూడును పొడిచారు.

గోడమీది బల్లి బుజ్జగించింది. "కాస్త ఇటు తిరుగు వదినా! ఊరంతా నీ ముఖం చూస్తుంది."

మూట జారిపోతుందని సాలీడు నోరు విప్పలేదు. రెండో పోటుకి గూడు సగం తెగింది. సాలీడు వణుకుతూ పాకిపోయి, మూటను అలమారా వెనక పగుల్లో దాచి, తిరిగొచ్చి కెమెరాకు వీపు పెట్టి కూర్చుంది.

"నా పిల్లలున్న ఇల్లు కూల్చి నా ముఖం చూపించమంటాడా! నీకంత మోజైతే నువ్వే వెళ్ళు."

బల్లి మురిసిపోతూ కెమెరా ముందుకు పాకింది.

"ఛీ, బల్లి!" అని పరాంకుశంగారు పక్కనున్న చీపురు అందుకుని, తిరగేసి కొట్టారు. బల్లి తోక తెగి నేలమీద గిలగిల కొట్టుకుంది.

సాలీడు నవ్వలేదు.

"ముచ్చటేస్తే పొడుస్తారు, రోతపుడితే కొడతారు. మనకూ ప్రాణముందని మాత్రం చూడరు!" అని మండిపడింది.