ఇంకో ఆసుపత్రి ఫైలు

"గా సూది పేరు తెల్వదమ్మా. ఏసినంక పానం పోయినంత పనైంది. ముందుగాల పోయిన దవాఖాన కంప్యూటర్ల రాసుకున్నరు," అన్నాడు పాండేసరకు వలస వచ్చిన బట్టల మిల్లు కార్మికుడు బుచ్చిరాములు, ఆయాసపడుతూ. కోవిడ్ వార్డులో అతని వెంట ఎవరూ లేరు.

డాక్టర్ కోమలి ఆ ఆసుపత్రికి ఫోన్ చేసింది. "అతని ఫైలు పంపండి, డాక్టర్ జరీవాలా."

"పోయిన నెల ఒక ముసలావిడ ఫైలు కోసం మిమ్మల్ని బతిమాలాను. బయటికివ్వడం కుదరదన్నారు," అన్నాడతను.

"ఆవిడ... ఎలా ఉన్నారు?"

"పడని మందే తెలియక ఇచ్చాం. దక్కలేదు. మీరడిగిన ఫైలు పంపుతున్నాను," అని పెట్టేశాడు.

ఫైలు వచ్చింది. కోమలి మందు మార్చింది. బుచ్చిరాములు తేరుకున్నాడు.

ఆ సాయంత్రం కోమలి ఒంటరిగా కూర్చుని, పోయిన నెల తాను ఫైలు ఇవ్వనన్న రోగుల పేర్లన్నీ చదివింది. ఆ ముసలావిడ ఎవరో పోల్చుకోలేకపోయింది.