లైన్ క్లియర్ చీటీ

“సంతకం ఎక్కడ పెట్టాలో చూపించండి డాక్టరమ్మా. తప్పుచోట పెడితే ఇంకో పద్నాలుగు నెలలు ఉంచేస్తారు,” అన్నాడు లైన్‌మన్.

చక్రాల కుర్చీ పక్కన నిలబడ్డ భార్య నిట్టూర్చింది. “నోరొక్కటే బాగా పనిచేస్తోంది. దానికి ఏ వైద్యమూ అక్కర్లేదు.”

డాక్టరు నవ్వలేదు. ఆమె చేతిలో ఉన్నది, ఈ ప్రయోగం నుంచి తప్పుకుంటున్నానని రాసే కాగితం. దానిమీద అతని సంతకం పడితే, అతని వెన్నులో అమర్చిన తీగలకు కరెంటు ఇచ్చే చిన్న యంత్రాన్ని పూర్తిగా ఆపేస్తారు. అతని చోటు వరుసలో ఉన్న మరొకరికి వెళ్తుంది. తర్వాత మనసు మారి అడిగినా దొరకదు.

“మరోసారి ఆలోచించండి. వేలు కదులుతోంది కదా.”

“ఏ వేలు? ఎడమకాలి బొటనవేలు. పద్నాలుగు నెలలకి ఒక వేలు. ఈ లెక్కన నేను లేచి నిలబడేసరికి మీరు రిటైరవుతారు. మీకు ఊతకర్ర నేనే తెచ్చిస్తాలెండి.”

గోడమీది పెద్ద బొమ్మలో ఒకాయన చంకకర్రలు పారేసి పరుగెడుతున్నాడు. లైన్‌మన్ గడ్డంతో అటు చూపించాడు. “ఆయన్ని చూడండి. చెమట పట్టలేదు, క్రాపు చెదరలేదు. జన్మలో స్టూలు మీంచి కూడా పడ్డవాడిలా లేడు.”

“ఆ బొమ్మ మేం పెట్టింది కాదు.”

“మీరు పెట్టింది నా వెన్నులో ఉందిగా. కరెంటు సంగతి నాకు చెప్పకండి. ఇరవై రెండేళ్ళు స్తంభాలెక్కాను. చచ్చిన కప్ప కాలికి తీగ తగిలించినా తంతుంది. బళ్ళో సైన్సు మాస్టారు చూపించాడు. ఆ కప్పకి నడక వచ్చిందని ఎవరూ పేపర్లో వేయలేదు.”

“కప్ప తనంతట తాను తన్నలేదు. ఇక్కడ కదలమని చెప్పేది మీరు. ఆ కరెంటు వేలిని కదపదు, మీ మాట దాని చెవిన పడేలా చేస్తుందంతే.” డాక్టరు గొంతు తగ్గించింది. “అసలు కరెంటే లేకుండా కదిలే రోజు కోసం మేం చూస్తున్నాం. ఇక్కడ ఇంకా ఎవరిలోనూ అది చూడలేదు.”

“పదకొండుమందికి తీగలు పెట్టి, ఒక్కరికీ రానిదాని కోసం చూస్తున్నారు. బస్సే రాని ఊళ్ళో బస్టాండు కట్టినట్టుంది.”

“వేలు మొదటిసారి కదిలిన రోజు మీరు అన్నం కూడా ముట్టలేదు. దాన్నే చూస్తూ కూచున్నారు,” అంది భార్య.

“అప్పుడు బుద్ధిలేదు.”

ఒక్క విషయంలో మాత్రం బుద్ధి అతనికి స్తంభం మీంచి పడ్డప్పుడే వచ్చింది. లైన్‌మన్ పైకెక్కేముందు, సప్లై ఆపేశామని సబ్‌స్టేషన్ వాళ్ళు టైము వేసి చీటీ రాసివ్వాలి. దాన్ని లైన్ క్లియర్ అంటారు. మూడేళ్ళ కిందట వాళ్ళు రాసే ఓపిక లేక ఫోనులో “ఆపేశాంలే, ఎక్కు” అన్నారు. ఎక్కాడు. ఆపలేదు. అప్పటినుంచి నోటిమాట నమ్మడం మానేశాడు. తన వెన్నులో యంత్రాన్ని ఆపినప్పుడల్లా టెక్నీషియన్ చేత కూడా చీటీ రాయించుకుంటాడు. మొదట్లో వార్డంతా నవ్వింది. తర్వాత అదీ ఒక అలవాటైపోయింది.

“ఏడీ మీ టెక్నీషియన్?”

“సగంపూట సెలవు. పొద్దున్నే వచ్చి తన పనులు చూసుకు వెళ్ళాడు. మూడింటికి వస్తాడు. మీరు సంతకం పెడితే అప్పుడు ఆపేస్తాడు.”

“వచ్చాడు, చూశాను. నడుం దగ్గర ఏదో తడిమి పోయాడు. తప్పుకుంటున్నానని నిన్నే వార్డంతా వినేలా చెప్పాను, ఇంక వాడితో నాకు మాటలేంటి? గోడవైపు తిరిగి పడుకున్నా.”

భార్య చేతిలో ఒక చిన్న కాగితం మడతమీద మడత పడుతోంది.

డాక్టరు గడియారం చూసింది. పదకొండు. “చివరిగా ఒక్క కొలత తీసుకుంటాను. కాదనకండి.”

ఆమె మేజోడు తీసి, వేలి పక్కన స్కేలు నిలబెట్టింది. “ఊఁ, ఇప్పుడు.”

“కదులు నాయనా, కదులు,” అన్నాడతను వెటకారంగా. “డాక్టరమ్మకి పుస్తకంలో రాసుకోవడానికి ఏదో ఒకటి కావాలి.”

అన్నాడే గానీ కళ్ళు మూసుకున్నాడు. మెడనరాలు బిగిశాయి.

వేలు కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది.

“నిన్నటికంటే కాస్త తక్కువ,” అంది డాక్టరు రాసుకుంటూ.

“వోల్టేజీ పడిపోయినట్టుంది. మొదట్లో నడుం దగ్గర జివ్వుమనేది, ఇవాళ అదీ లేదు. స్విచ్ వేస్తే ఫ్యాను తిరుగుతుంది డాక్టరమ్మా. తిరిగినందుకు ఫ్యానుకి దండ వేస్తామా? కలం ఇవ్వండి.”

డాక్టరు కలం ఇచ్చింది. భార్య కిటికీవైపు తిరిగి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

కలం కాగితానికి ఆనించి అతను ఆగాడు. “ఒక్క మాట. మూడింటికి వాడొచ్చి ఆపేశానని నోటితో చెప్తే ఒప్పుకోను. టైము వేసి చీటీ ఇవ్వాల్సిందే.”

“మీ చీటీ గొడవ ఒకటి,” అంది భార్య. “పొద్దున్నే నా చేతిలో పెట్టి వెళ్ళాడు. మీరేమో అలిగి పడుకున్నారు. ఇదిగో.”

“ఆపకముందే చీటీనా? వీడు సబ్‌స్టేషన్ వాళ్ళకి పెద్దన్నలా ఉన్నాడే.”

పెదవి విరుస్తూ మడతలు విప్పాడు. టెక్నీషియన్ గుండ్రటి అక్షరాల్లో ఒక్కటే వాక్యం ఉంది.

“అన్నా, తొమ్మిదిన్నరకే సప్లై ఆపేశాను.”