రుహానా టీచర్ కారు చప్పుడు

తైపింగ్ ఊళ్లో చిన్న కార్లకు చప్పుడు పెంచడంలో ఖైరిల్‌ది అందెవేసిన చెయ్యి. ఆ సాయంత్రం అతని షెడ్డు ముందు ఆగిన బుల్లి కారులోంచి, హైస్కూల్లో క్రమశిక్షణ చూసే రుహానా టీచర్ దిగింది.

"కుర్రాళ్ల కార్లకు గాలి పీల్చే గొట్టం ఒకటి పెడతావటగా, అది నాకూ బిగించు."

ఖైరిల్ తెల్లబోయాడు. "దాంతో స్పీడేం పెరగదు టీచర్. ఫిల్టరు డబ్బా తీసేస్తాం కాబట్టి ఇంజను గాలి పీల్చే మోత బయటికి వినిపిస్తుంది, అంతే."

"స్పీడెవరిక్కావాలి? నాకా మోతే కావాలి."

గొట్టం బిగించాక ఆమె యాక్సిలరేటర్ తొక్కింది. కారు జలుబు చేసిన ఏనుగులా ఘీంకరించింది. ఎదుటి హోటల్లో టీ తాగుతున్నవాళ్లు లేచి నిలబడ్డారు.

"ఇంకొంచెం పెంచు."

"అమ్మో! ఇప్పటికే అర కిలోమీటరు వినబడుద్ది. మీరు గేటు దాటేలోగా క్యాంటీన్ వెనక సిగరెట్లు కాల్చే పిల్లలంతా పరారైపోతారు. ఇక మీకెవరు దొరుకుతారు టీచర్?"

"దొరక్కూడదనే. దొరికితే నేను పేరు రాయాలి. రాస్తే వాళ్లను స్కూల్లోంచి తీసేస్తారు."

ఆమె స్టీరింగు వంకే చూస్తూ గొంతు తగ్గించింది. "నిన్ను పట్టుకున్న రోజు నా కారు చప్పుడు చెయ్యలేదురా ఖైరిల్."

ఖైరిల్ బానెట్ మళ్లీ ఎత్తాడు.

"ఇంకా పెద్ద గొట్టం ఒకటుంది టీచర్. అది పెడతానుండండి."