ఇష్టపడి ఇచ్చిన డాలరు

“డాలరు నీ ఇష్టంతో ఇచ్చావా, ఎవరైనా బలవంతం చేస్తే ఇచ్చావా?”

వాషింగ్టన్ నుంచి విచారణకి వచ్చిన హాస్కెల్ పనివాళ్లని ఒక్కొక్కరినే ఆ మాట అడుగుతుంటే, యూనియన్ నాయకుడు కాజ్ పావ్లాక్ పక్కనే నిలబడి వింటున్నాడు.

అమెరికాలో టొలీడో ఊళ్లో ఇనుము పోతపోసే ఫౌండ్రీ అది. 1954 సెనేట్ ఎన్నికలు దగ్గరికొచ్చాయి. యూనియన్ చందాలోంచి అభ్యర్థికి సెంటు కూడా ఖర్చుపెట్టకూడదట. పనివాడు తనంతట తాను ఇస్తే తప్పు లేదట. ఆ చట్టం చేసినవాళ్లకైనా అర్థమైందో లేదో గానీ, కాజ్ మాత్రం రొట్టెలు తినే వేళ టోపీ చాచి అభ్యర్థి కోసం తలా ఒక డాలరు అడిగాడు. ఇంతలో ఎవరో కాజ్ బలవంతంగా వసూలు చేశాడని వాషింగ్టన్‌కి ఆకాశరామన్న ఉత్తరం రాశారు. ఒక్కడు బలవంతం అన్నా కాజ్‌కి జైలే.

ముప్ఫై మంది ఇష్టంతోనే ఇచ్చామన్నారు. ఇక మిగిలింది ముసలి బోడ్నార్.

“ఇష్టమంటే ఏమిటండీ?” అన్నాడు బోడ్నార్.

“ఇవ్వాలనిపించి ఇవ్వడం.”

“నాకెప్పుడూ ఎవరికీ ఇవ్వాలనిపించదండీ. చర్చిలో కూడా అంతే.”

అందరూ నవ్వారు, కాజ్ తప్ప. గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ కంపెనీ ఫోర్‌మన్ క్రాండల్ కూడా నవ్వాడు.

“మరెందుకిచ్చావ్?”

“మొదటి రోజు కాజ్ అడిగితే ఇవ్వనన్నానండీ. మర్నాడు ఇచ్చాను.”

“ఈలోగా ఏం జరిగింది?”

బోడ్నార్ బుర్ర గోక్కున్నాడు. “ఇవ్వకపోతే పని పోతుందన్నారండీ.”

హాస్కెల్ గబగబా రాసుకున్నాడు. కాజ్ ముందుకొచ్చాడు. “బాబాయ్, నేనెప్పుడన్నాను?”

“నువ్వు మధ్యలో మాట్లాడకు” అన్నాడు హాస్కెల్. “చెప్పు పెద్దాయనా, అది బలవంతమే కదా?”

“అదే తెలియడం లేదండీ. ఇచ్చింది నా డాలరు కాదు కదా. నా డాలరు కాకపోయినా బలవంతమే అవుతుందా?”

హాస్కెల్ కలం ఆగిపోయింది. “నీది కాదా? మరెవరిది?”

బోడ్నార్ గుమ్మం వైపు చూపించాడు. “ఈ ఫోర్‌మన్ గారిదేనండీ. కాజ్ టోపీలో వెయ్యమని తనే ఇచ్చి, ‘వెయ్యకపోయినా, కాజ్ బలవంతం చేశాడని రేపు విచారణకొచ్చేవాళ్లతో చెప్పకపోయినా పనిలోంచి తీసేస్తా’నన్నారు. కొంచెం మీరే చెప్పండి, ఇది ఇష్టమా, బలవంతమా?”