నీటిచుక్క పరీక్ష

"మూత తీయండి," అన్నాడు ఢిల్లీ నుంచి వచ్చిన శాస్త్రవేత్త ఇంగ్లీషులో. చేతిలో నీళ్ల డ్రాపర్ సిద్ధంగా ఉంది.

మహిమ పెట్టె మీంచి చెయ్యి తియ్యలేదు. అందులో ఉన్నది ఆమె నాలుగేళ్ల కష్టం, అరచేతంత ఏరోజెల్ పలక. ఇసుకలో ఉండే సిలికాతోనే చేసింది, కానీ చూడ్డానికి పొగ గడ్డకట్టినట్టుంటుంది. మహా వేగంగా దూసుకొచ్చే అణుకణాలు అందులోంచి వెళ్తే సన్నని నీలి వెలుగు పుడుతుంది. ఆ వెలుగును బట్టి ఏది ఏ కణమో పోల్చుకుంటారు. కానీ అంతటి పలకకు తడి తగిలిందంటే అంతే సంగతులు, ముడుచుకుపోయి పొడైపోతుంది. తడి అంటకుండా మహిమ దానికి కొత్త రసాయనం పట్టించింది. అది పనిచేసిందో లేదో చూసుకునే ధైర్యం మాత్రం చెయ్యలేదు. చేసిన మూడింటిలో రెండు బస్సు కుదుపులకే విరిగాయి మరి.

"ఇదొక్కటే మిగిలింది సార్. చుక్క వెయ్యకండి."

"చుక్క జారిపోతే మా డిటెక్టర్‌లో పెడతాం. ఇంకిపోతే మీ ప్రాజెక్టు ఇవాళ్టితో ఆఖరు. వెయ్యనివ్వకపోయినా ఆఖరే."

మహిమ పెట్టెను తనవైపు లాక్కుంది.

తలుపు పక్క కుర్చీలో ఆమె తల్లి వీరమ్మ ఒదిగి కూర్చుంది. దర్శి దగ్గర కల్లాల్లో మిరపకాయలను టిక్కీలుగా, అంటే బస్తాలుగా కట్టే కూలి. ఈసారి పలకను తనే సర్ది, గుంటూరు దాకా ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. ఇంగ్లీషు ముక్క రాదు. కూతురు పెట్టెను లాక్కోవడం, ఆ పెద్దమనిషి నీళ్లు చూపించడం, ఇవే ఆమెకు తెలుస్తున్నాయి.

ఇక ఉండబట్టలేక లేచింది.

"అయ్యా, పిల్లనేం అనకండి. నీళ్లు చల్లింది నేనండి."

మహిమ గిరుక్కున తల్లి వైపు తిరిగింది. "పలక మీదా? ఎప్పుడమ్మా?"

"పొద్దున సర్దేటప్పుడు. మిరపకాయలు విరక్కుండా మెత్తబడాలని చల్లుతాం గదా, అట్టాగే."

మహిమ కళ్ల ముందు నాలుగేళ్లూ గిర్రున తిరిగాయి. మూత తీసి ఆ పొడి చూసే ఓపిక ఆమెకు లేదు. తల్లి మీద కోపం, తన మీద తనకే జాలి, రెండూ కలిసి ఏడుపొచ్చింది.

"నాకెందుకు చెప్పలేదే?"

వీరమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

"భయమేసిందమ్మా. చెంబెడు చల్లినా ఒక్క చుక్క పీల్చుకోలా, అన్నీ జారి నా ఒళ్లో పడ్డాయి."